రంగులు వేయించాక పన్నెండున్నర లీటర్లు మిగిలింది. తప్పు మేస్త్రిదా, నాదా?

మల్కాజిగిరి_మధు
ఇంటికి రంగులు వేయించి పదిహేను రోజులైంది. నిన్న బాల్కనీ సర్దుతూ ఒక్కో డబ్బా ఊపి చూసుకున్నా. లేత గంధం ఐదున్నర లీటర్లు, సీలింగ్ తెలుపు మూడు, ఇటుక రంగు అర లీటరు. బూడిద నీలమైతే 3.6 లీటర్ల డబ్బా మూత కూడా తీయలేదు. ఇదంతా గోడల ఎమల్షనే, అంటే నీళ్లు కలిపి వేసే రంగు. ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), తలుపుల ఎనామెల్ (నూనె రంగు) లెక్కలోకి తీసుకోలేదు, తీసుకుంటే బీపీ పెరుగుతుంది.

ఫ్లాట్ 1100 అడుగులు, రెండు బెడ్‌రూములు. మేస్త్రి చీటీ రాసిచ్చాడు, అది షాపులో చూపించి తెచ్చా. గంధం 20, తెలుపు 10, నీలం 3.6వి రెండు, ఇటుక రంగు చిన్న డబ్బా. మిగిలింది పట్టుకెళ్తే షాపాయన డబ్బా వంక కూడా చూడలేదు. "రంగు కలిపాక వాపసు ఉండదు సార్" అన్నాడు. ఐదు వేల రూపాయల సరుకు బాల్కనీలో కూర్చుంది.

సంక్రాంతి లోపు జనగామలో అన్నయ్య ఇంటికి నేనే దగ్గరుండి వేయించాలి. మూడు గదులు, వరండా, మెట్లు. ఈసారి ఇలా కాకూడదంటే ఏం చేయాలి? మేస్త్రి నన్ను ముంచాడా, లేక ఇది మామూలేనా?

గుంటూరుఘాటు
టోకెన్. ఆ ఒక్క మాట చాలు. బకెట్‌తో పాటు వచ్చే టోకెన్, డబ్బు విలువ చేసేది, మేస్త్రికి పోతుంది. పెద్ద బకెట్‌కి పెద్ద టోకెన్. మీరు గోడలు కొలిచారా? లేదు. ఆయన కొలిచాడు, కంటితో.

ఖాళీబకెట్
అది సరే గానీ ఆ 20 లీటర్ల బకెట్ ఖాళీ చేస్తే ఏం చేస్తారు? ఎవరికైనా ఇచ్చే ఉద్దేశం ఉందా?

మల్కాజిగిరి_మధు
@ఖాళీబకెట్ ఇంకా ఐదున్నర లీటర్లు అందులోనే ఉంది. అప్పుడే అమ్మ దాని మీద కన్నేసింది, మొక్కలకి నీళ్లు పట్టడానికట.

కొలతల_మాస్టారు
మధుగారూ, ముందు లెక్క చూద్దాం, తిట్లు తర్వాత.

గది పొడవు 12, వెడల్పు 11, ఎత్తు 10 అడుగులు అనుకోండి. చుట్టుకొలత 46, ఎత్తుతో గుణిస్తే 460 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 420. లప్పం పెట్టి ప్రైమర్ కొట్టిన నున్నని గోడకి మంచి ఇంటీరియర్ ఎమల్షన్ రెండు కోట్లకి లీటరుకు 120 చదరపు అడుగుల దాకా వస్తుంది. అంటే గదికి మూడున్నర లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బా తెస్తే ఒక మూలకి సరిపడా మిగులుతుంది.

బయటి గోడలకి ఈ లెక్క పనికిరాదు. అక్కడ గరుకు ప్లాస్టరింగ్ తాగేస్తుంది, ఇందులో సగమే వస్తుందనుకోండి. మీ అన్నయ్యగారి వరండాకి అది గుర్తుంచుకోవాలి.

టేపు పట్టుకుని మీ గోడలు కొలిచి ఇక్కడ పెట్టండి.

గుంటూరుఘాటు
మాస్టారూ, మేస్త్రులకి ఈ లెక్క తెలీదంటారా? తెలిసే రాస్తారు.

చిల్లర_శ్రీమంతుడు
అందుకే నేను మెటీరియల్‌తో సహా కాంట్రాక్ట్ ఇచ్చేస్తా. అడుగుకి ఇంత అని మాట్లాడుకుంటే సరి. ఒక్క చుక్క మిగలదు.

నల్గొండ_నాగమణి
చుక్క మిగలదు నిజమే అన్నా, గోడ మీద గూడ మిగలదు. మా ఇంటికి అట్లనే ఇచ్చినం. నీళ్లు కలిపి కలిపి కొట్టిండు. రెండు కోట్లు అయినంక గూడ కింద పాత పచ్చరంగు కనవడ్డది. ఇదేందయ్యా అంటే "ఆరితే దిగుతదమ్మా" అన్నడు. మూడేండ్లయింది, ఇంకా ఆరలే.

ఖాళీబకెట్
😂 ఇంకా ఆరలే

బ్రష్‌పట్టిన_చెయ్యి
మా నాన్న ముప్పై ఏళ్లుగా పెయింటింగ్ మేస్త్రి. సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ణి. రెండు మాటలు చెప్పాలి.

టోకెన్ ఉన్న మాట నిజం. ఇప్పుడు చాలా వాటికి స్కాన్ చేసే కోడ్ వచ్చింది, పాయింట్లు పడతాయి. దాని కోసం ఎక్కువ రాసేవాళ్లు లేరని అనను. కానీ మధు అన్న చీటీలో అసలు కిటుకు వేరే ఉంది. గోడ కొలిస్తే గంధం రంగుకి బహుశా 15 లీటర్లు వస్తుంది. 15 లీటర్ల డబ్బా ఉండదు. 10, 4, 1 కలిపి కొంటే మూడు డబ్బాలు, మూడుసార్లు మిషన్‌లో రంగు కలపడం. 20 బకెట్‌లో లీటరు ధర తక్కువ. "మిగిలినా పర్లేదు, చాలకపోతే మాట పడాలి" అని మేస్త్రి 20 రాస్తాడు. చాలక పని ఆగితే ఆ రోజు నలుగురి కూలీ ఎవరివ్వాలి? ఓనర్ ఇవ్వడు.

మా నాన్నకి ఒకసారి హాల్లో గోడన్నర మిగిలుండగా రంగు అయిపోయింది. ఓనర్ ఊళ్లో లేడు, ఫోనెత్తలేదు. రెండు రోజులు ఖాళీగా కూర్చున్నారు. అప్పట్నుంచి చీటీ రాసేటప్పుడు ఒక డబ్బా ఎక్కువే. టోకెన్ కోసం కాదు, భయం కొద్దీ.

కొలతల_మాస్టారు
పై పోస్టు నిజాయితీగా ఉంది. ఒప్పుకుంటున్నా.

గుంటూరుఘాటు
భయం కొద్దీ రాసిన డబ్బాకి టోకెన్ తీసుకోవడం మానేశారా మరి?

బ్రష్‌పట్టిన_చెయ్యి
లేదు అన్నా, తీసుకున్నాడు. మా చెల్లి సైకిల్ అలాగే వచ్చింది.

గుంటూరుఘాటు
సరే, సైకిల్‌కైతే మాఫీ.

మల్కాజిగిరి_మధు
కొలిచా. హాలు, వంటగది, ఒక బెడ్‌రూము కలిపి గంధం గోడలు 1750 అడుగులు. మాస్టారి లెక్కలో 14.6 లీటర్లు, నేను వాడింది పద్నాలుగున్నర. అంటే మేస్త్రి పని తేడా లేదు, చీటీ తేడా.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ బూడిద నీలం డబ్బా మేస్త్రి పాపం కాదు. షేడ్ కార్డులో రెండంగుళాల ముక్క చూసి రెండు బెడ్‌రూముల్లోనూ మంచం వెనక గోడకి అదే అనుకున్నాం. ఒక గదిలో కొట్టాక మా ఆవిడ లైటు వేసి ఐదు నిమిషాలు నిలబడి చూసింది. "మండలాఫీసులా ఉంది" అంది. రెండో గది అక్కడితో ఆగిపోయింది. డబ్బా బాల్కనీలోకి వెళ్లింది.

ఖాళీబకెట్
మండలాఫీసుకి డొనేట్ చేయండి.

పెద్దింటి_కోడలు
షేడ్ కార్డు చూసి రంగు ఎంచితే అంతే బాబూ. చిన్న ముక్కలో లేతగా కనబడింది గోడంతా పడేసరికి రెండింతలు ముదురుగా ఉంటుంది. నేను తెల్లటి చార్టు కాగితం మీద రెండు కోట్లు వేయించి, దాన్ని గోడకి అంటించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూస్తాను. రెండు రోజులు అలాగే ఉంచుతాను. ఇంట్లో అందరూ తిట్టుకున్నాకే మిషన్ దగ్గరకి వెళ్లమంటాను.

మా అత్తవారిది గోదావరి పక్క పల్లెటూరు. అక్కడ సంక్రాంతి ముందు గుల్లసున్నం కుండలో పోసి నీళ్లు కొడితే కుతకుతా ఉడికేది. అందులో తుమ్మ జిగురు, చిటికెడు నీలిమందు. ఎంత మిగిలినా పారబోసేది లేదు. పైన నీళ్లు నిలబెట్టి మూత పెడితే మళ్లీ ఏడాదికి వెన్నలా ఉండేది. ఇప్పటి రంగులు మూత తీశాక పాలకంటే త్వరగా పాడవుతున్నాయి.

బ్రష్‌పట్టిన_చెయ్యి
పెద్దమ్మా, పాడయ్యేది ఎక్కువగా నీళ్లు కలిపిన రంగే. డబ్బా మొత్తానికి ఒకేసారి నీళ్లు కలిపేస్తారు, సాయంత్రానికి మిగిలింది మళ్లీ మూత పెడతారు. వారానికల్లా కుళ్లు వాసన. ఏ పూటకి కావాల్సింది ఆ పూట వేరే బకెట్‌లోకి తీసి, డబ్బా మీద రాసినంత నీళ్లే కలపాలి. కలపనిది కలపనట్టే ఉంచితే చాలాకాలం ఆగుతుంది.

లప్పం కూడా అంతే. తెల్ల సిమెంటు లప్పం కలిపిన రెండు మూడు గంటల్లో బిగుస్తుంది. పొద్దున్నే తొట్టెడు కలిపి టిఫిన్‌కి పోతే తిరిగొచ్చేసరికి ఇటుక.

చిల్లర_శ్రీమంతుడు
రోలర్ తాగే రంగు సంగతి ఎవరూ చెప్పలేదు. కొత్త రోలర్‌ని రంగులో ముంచి తీస్తే పిండినా ఎంతో కొంత అందులోనే ఉంటుంది. సాయంత్రం మావాడు దాన్ని నేరుగా పంపు కింద పెట్టేవాడు. కాలవలో గంధం రంగు నీళ్లు ధారగా పోతుంటే చూస్తూ నిలబడ్డా. తర్వాత నేనే లప్పం బద్దతో గీకి డబ్బాలోకి దింపడం మొదలుపెట్టా. కప్పు నిండా వచ్చింది! రేపూ అదే రంగైతే కడగనక్కర్లేదు, ప్లాస్టిక్ కవర్లో బిగించి చుట్టి పెట్టండి చాలు.

నల్గొండ_నాగమణి
శ్రీమంతుడన్నా, కాంట్రాక్ట్ ఇచ్చేస్త అన్నవ్ గదా, మల్ల రోలర్ నువ్వెందుకు గీకినవ్?

చిల్లర_శ్రీమంతుడు
అది పాత ఇల్లు 🙄

ఫ్రీమాంట్_బావ
మేం ఉండే కాలిఫోర్నియాలో దీనికో పద్ధతి ఉంది. పెయింట్‌కేర్ అని, 2012 నుంచి. పెయింట్ కొనేటప్పుడే డబ్బాకి కొంత రుసుము వేస్తారు. మిగిలిన రంగు తీసుకెళ్తే చాలా పెయింట్ షాపుల్లోనే ఉచితంగా తీసుకుంటారు. ఒరెగాన్‌లో ఇంకా ముందే, 2010లో మొదలైంది.

నీళ్ల మాటొచ్చింది కాబట్టి, మా మామగారు వచ్చినప్పుడు గ్యారేజీకి తనే రంగు వేస్తానన్నారు. ఇక్కడి రంగులు ఎక్కువగా డబ్బా తీసి అలాగే వేసేవి. ఆయన అలవాటు కొద్దీ గ్యాలన్‌కి లీటరున్నర నీళ్లు కొట్టారు. రంగు గోడ మీద ఆగలేదు, కార్పెట్ దాకా నడిచి వచ్చింది.

గుంటూరుఘాటు
బావా, ఇక్కడ ఖాళీ డబ్బా తీసుకునేది పాత ఇనుప సామాన్ల బండి. నిండు డబ్బా తీసుకునే నాథుడు లేడు.

కొలతల_మాస్టారు
తీసుకునే ఏర్పాటు కాగితం మీద ఉంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాల జాబితా పెయింట్ డబ్బాలతోనే మొదలైంది. తర్వాత పురుగుమందు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, కాలం చెల్లిన మందులు. తడి, పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వాలి. మీ వీధికొచ్చే ఆటో వాళ్లు విడిగా తీసుకుంటారో లేదో మీరే అడిగి చూడాలి.

నల్గొండ_నాగమణి
మా ఆటోల అన్నీ ఒక్కతాన్నే పడ్తయి సార్.

బ్రష్‌పట్టిన_చెయ్యి
వాసనొచ్చి ఎందుకూ పనికిరాని ఎమల్షన్‌ని మాత్రం కాలవలో పోయకండి. ఇసుకో రంపప్పొట్టో కలిపి ఆరుబయట పెడితే రెండు రోజుల్లో గట్టిపడుతుంది, అప్పుడు ఇవ్వచ్చు. ఎనామెల్, టర్పెంటాయిల్ జోలికి ఇలా పోవద్దు, అవి మంట పట్టే సరుకు.

ఇంకోటి. పాత తలుపులు గీకేటప్పుడు ముక్కుకి గుడ్డ చాలదు, N95 లాంటి మాస్కు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపండి. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో ఎంతుందో ఎవరికి తెలుసు. ఆ పొడి ఊడ్చి మొక్కల్లో పోయకండి.

మల్కాజిగిరి_మధు
ఇంతకీ నా పన్నెండున్నర లీటర్లు ఏం చేయాలి? అన్నీ కలిపేసి అన్నయ్య ఇంటి బయటి గోడకి కొట్టేస్తే?

బ్రష్‌పట్టిన_చెయ్యి
బయటికి వద్దన్నా! లోపలి ఎమల్షన్ ఎండకీ వానకీ ఆగదు. ఒక్క వర్షాకాలానికే పాకురు పట్టి పొట్టు లేస్తుంది.

గంధం, తెలుపు కలపచ్చు, రెండూ ఎమల్షనే. స్టోర్‌రూముకో మెట్ల కింద గోడకో మొదటి కోటుగా వాడండి. ఇటుక రంగు కలపద్దు, అర లీటరు చాలు మొత్తం బురద చేయడానికి. ఎనామెల్ అస్సలు కలపకూడదు, నూనె నీళ్లు కలవవు.

గంధం ఒక అర లీటరు మీ ఇంటికి ఉంచుకోండి. చిన్న సీసాలోకి, మూతి దాకా నింపి. పెద్ద డబ్బాలో అడుగున ఉంచితే లోపలి గాలికి మీగడ కడుతుంది. దాని మీద గది పేరు, షేడ్ కోడ్, తేదీ రాయండి. మూత మీద కాదు, డబ్బా మీద. మూతలు మారిపోతాయి.

పెద్దింటి_కోడలు
మేడ మీద గదిలో మాత్రం పెట్టద్దు. మే నెలలో రేకుల కింద పెట్టిన డబ్బా మా ఇంట్లో ఉబ్బి మూత పైకి లేచింది. తీస్తే పెరుగు విరిగినట్టు ముద్దలు.

చిల్లర_శ్రీమంతుడు
దాచిన రంగుతో మరకలు దిద్దితే అతుకు కనబడుతుంది కదా? మా హాల్లో స్విచ్ బోర్డు చుట్టూ కొత్త చందమామ వెలిసింది.

బ్రష్‌పట్టిన_చెయ్యి
రెండేళ్లయ్యాక గోడ కాస్త వెలుస్తుంది, అందుకే తేడా. మధ్యలో దిద్దకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ ఒక్క గోడా వేసేయాలి. అర లీటరు దానికి చాలదు, అది మేకు రంధ్రాలకే.

అన్నయ్య ఇంటికి నా మాట వినండి. కొలిచిన లెక్కలో ముప్పాతిక వంతే మొదట కొనండి. మొదటి కోటు అయ్యాక ఎంత లాగిందో కళ్ల ముందుంటుంది. మిగిలింది అదే కోడ్‌తో అప్పుడు చిన్న డబ్బాల్లో కలిపించండి. రెండోసారి కలిపింది ఒక వెంట్రుకవాసి తేడా రావచ్చు, అందుకని పాత రంగు పూర్తిగా అవ్వకముందే తెచ్చి రెండూ ఒక బకెట్‌లో కలిపేయాలి. కుదరకపోతే కొత్త డబ్బా గోడ మధ్యలో కాకుండా మూల దగ్గర మొదలుపెట్టాలి. ప్రైమర్, లప్పం, తెలుపు సీలు తీయకపోతే వెనక్కి తీసుకుంటారా అని కొనేముందే షాపులో అడిగి బిల్లు మీద రాయించుకోండి. పసుపు, ఎరుపు లాంటి ముదురు రంగులైతే మూడో కోటుకి లెక్క వేసుకోండి, కింద ఉన్నదాన్ని అవి త్వరగా కప్పవు.

గుంటూరుఘాటు
టోకెన్లు మీరే తీసుకుని, వాటి బదులు చివర్లో మేస్త్రికి కొంత డబ్బు ఇవ్వండి. ఎన్ని డబ్బాలైనా ఇంత అని ముందే చెప్పేయండి. ఎక్కువ రాయాల్సిన పని ఉండదు.

బ్రష్‌పట్టిన_చెయ్యి
ఇది మంచి మాటే. మా నాన్న ఒప్పుకోడు గానీ.

మల్కాజిగిరి_మధు
రెండు నెలల తర్వాత వచ్చా. జనగామ ఇల్లు అయిపోయింది.

గదులన్నీ నేనూ అన్నయ్య కూతురూ టేపుతో కొలిచాం. లోపలి గోడలు 1380 అడుగులు. లెక్కకి పదకొండున్నర లీటర్లు. మొదట 9 లీటర్ల డబ్బా ఒక్కటే తెచ్చా (ఈ షేడ్ కలిపే బేస్ డబ్బాలో పదికి తొమ్మిదే ఉంటుంది, అదీ అప్పుడే తెలిసింది). ఘాటు గారి సలహాతో ఎన్ని డబ్బాలైనా ఇంత అని ముందే చెప్పేశా. మేస్త్రి ఒకసారి నా మొహం చూసి నవ్వాడు, ఒప్పుకున్నాడు.

అయితే వెనక గదిలో చెమ్మ సంగతి కొలతల్లో లేదు. పైన ట్యాంకు దగ్గర కారుతోంది. మొదటి కోటు వేశాక మర్నాడు చూస్తే అరచేయంత పొంగు, వేలితో నొక్కితే లోపల పిండిలా ఉప్పు. గీకి, ట్యాంకు బాగు చేయించి, పది రోజులు ఆరబెట్టి మళ్లీ మొదట్నుంచి. ఆ గోడ ఒక్కటే రెండు లీటర్లు తినేసింది. 3.6 డబ్బా ఒకటి తెస్తే చివరికి ఇంకా ఒక గోడ మిగిలింది. మళ్లీ చిన్న డబ్బా. దాన్ని మూల దగ్గర మొదలుపెట్టాం. తేడా ఉంది. పాప తప్ప ఎవరూ పట్టలేదు, పాపకి ఐస్‌క్రీం కొనిచ్చా.

చివరికి మిగిలింది పావు లీటరు. సీసాలో పోసి కోడ్ రాసి అన్నయ్య బీరువా కింద పెట్టా. నా గంధం, తెలుపు కలిపి మెట్ల కిందకీ స్టోర్‌రూముకీ వేశాం, లీటరు మిగిలితే పక్కింటాయన కోళ్లగూటి లోపలికి అడిగి తీసుకెళ్లాడు.

కొలతల_మాస్టారు
చెమ్మ గోడ మీద రంగు వేయకముందే చూసుకోవాల్సింది. అది నేను చెప్పి ఉండాల్సింది కూడా.

నల్గొండ_నాగమణి
కోళ్లు అదృష్టవంతులు. గంధం రంగు గూడు.

గుంటూరుఘాటు
ఆ బూడిద నీలం డబ్బా ఇంకా ఉందా? మా బామ్మర్ది ఉప్పల్లో ట్యూషన్ గది పెడుతున్నాడు, ఒక గోడకి కావాలి. సగం ధర ఇస్తా. కానీ నా ముందు మూత తీయాలి, వాసన చూసే తీసుకుంటా.

మల్కాజిగిరి_మధు
డబ్బులేం వద్దు, ఆదివారం పదింటికి వచ్చి పట్టుకెళ్లండి. వాసనా చూసుకోండి, ఊపీ చూసుకోండి. మీ బామ్మర్దికి మాత్రం మా ఆవిడ అన్నమాట ముందే చెప్పండి.

ఖాళీబకెట్
నేనూ వస్తా. నీలం వద్దు. ఆ 20 లీటర్ల బకెట్ ఖాళీ అయింది కదా ఇప్పుడు?

మల్కాజిగిరి_మధు
అమ్మ అందులో కరివేపాకు మొక్క పెట్టేసింది.